ఆపరేషన్ గది బయట కూర్చున్న మనిషి

అమ్మా,

డల్లాస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. మీ ఆయన కంటి ఆపరేషన్ గురించి రాయడానికి పూనుకున్నావు, చాలా సంతోషం. జబ్బుపడ్డవాళ్ళు రాసుకున్నవి చదివాను, డాక్టర్లు రాసినవీ చదివాను. పక్కనే ఉండి అన్నీ చూసిన మనిషి రాసినవి నాకు అరుదుగా దొరికాయి. అందుకే ఇది బాగా రావాలని నా ఆరాటం.

మొదటి రెండు పేజీలు తీసెయ్. కంటి లోపల వెనకవైపు ఉండే తెర, రెటీనా, ఊడినప్పుడు చూపుకు ఒక పక్కనుంచి నల్లని నీడ ఎలా కమ్ముకొస్తుందో వర్ణించావు. అది అతను చూసింది, నువ్వు చూసింది కాదు. అతను ఏ మాటల్లో చెప్పాడో ఆ మాటలే ఉంచు. నీ కళ్ళతో చూసినవి మూడో పేజీలో మొదలయ్యాయి. నర్సు వచ్చి పేరు, పుట్టిన తేదీ, ఏ కన్ను అని అడిగింది. మత్తు డాక్టరు వచ్చి మళ్ళీ అదే అడిగాడు. చివరికి సర్జన్ తానే వచ్చి అడిగి, కనుబొమ్మ పైన పెన్నుతో గుర్తు పెట్టాడు. పొరపాటున రెండో కన్ను ముట్టుకోకుండా ఉండేందుకు ఆ పద్ధతి. నువ్వు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు! అక్కడ ఆగు. "ఎడమ కన్ను" అని చెప్పిన ప్రతిసారీ అతని గొంతు ఎలా ఉంది? అప్పుడు నీ చేతుల్లో ఏముంది? భయపడ్డానని నువ్వు చెప్పనక్కరలేదు.

స్విట్జర్లాండ్ డాక్టర్ జూల్ గొనాన్ మీద రాసిన పేజీని ఒక్క వాక్యానికి కుదించు. రెటీనాలో పడ్డ చిరుగును మూస్తే చూపు దక్కుతుందని 1920లలో ఆయన చూపించేదాకా ఈ జబ్బుకు దారి లేదనే అనుకునేవారు. నువ్వు బయట కుర్చీలో కూర్చుని గడియారం చూస్తున్న చోట ఆ వాక్యం పెట్టు.

ఈ వ్యాసానికి అసలు బలం గ్యాస్ బుడగ. చిరుగు అతుక్కునేదాకా రెటీనాను అదిమి పట్టడానికి కంట్లో గ్యాస్ నింపారు. గ్యాస్ పైకి తేలుతుంది కాబట్టి అతను రోజంతా ముఖం నేలవైపు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. అతనితో మాట్లాడాలంటే నువ్వు కింద చాప మీద వెల్లకిలా పడుకునేదానివన్నావు చూడు, వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. బుడగ చిన్నదయ్యేకొద్దీ చూపులో నీటిమట్టం లాంటి గీత రోజూ కాస్త కాస్త కిందికి దిగింది. "ఇవాళ గీత ఎక్కడుంది?" అని పొద్దున్నే నువ్వు అడగడం, అతను వేలితో చూపించడం చివర్లో ఎక్కడో ఉంది. దాన్ని ముందుకు తెచ్చి, రోజు రోజుకూ నడిపించు.

గ్యాస్ ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, చూపే పోవచ్చు. ఒక రకం గ్యాస్ రెండు వారాల్లో కరిగిపోతుంది, మీ ఆయనకు వేసిన రకం రెండు నెలల దాకా ఉంటుంది. కంట్లో గ్యాస్ ఉందని తెలిపేలా అతని చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టింది అందుకే. అన్నాళ్ళూ ఇక్కడ ఎవరికి ఏమైనా అతను రాలేడు, అతన్ని వదిలి నువ్వూ రాలేవు. పరాయి దేశంలో ఉండటమంటే ఏమిటో ఈ సంగతి చెబుతుంది. ఒంటరితనం మీద రాసిన పేరా ఇక అక్కరలేదు.

"అత్తగారికి చెప్పలేదు" అని అక్కడితో ఊరుకున్నావు. ఎందుకు చెప్పలేదు? వీడియో కాల్‌లో అబ్బాయి కనిపించడం లేదేమని ఆవిడ అడిగితే ఏమన్నావు? అబద్ధమాడింది నువ్వా, అతనా? ఆవిడను తక్కువ చేయకుండా, నిన్ను నువ్వు గొప్ప చేసుకోకుండా రాయాలి. అన్నింటికన్నా కష్టమైన భాగం ఇదే. ఎన్నాళ్ళు పట్టినా సరే, దీన్ని వదలకు.

ఫ్రిజ్‌కు అంటించిన చుక్కల మందుల పట్టిక ఉందిగా, ఎర్ర మూత సీసా, గులాబీ మూత సీసా, మధ్యలో అయిదు నిమిషాల ఎడం. దాన్ని ఉన్నదున్నట్టు వ్యాసంలో పెట్టు.

"చూపు తిరిగొచ్చింది" అనే ముగింపు మాత్రం వద్దు. చూపు కుదుటపడటానికి నెలలు పడుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళకు శుక్లం రావడం కూడా మామూలే, అప్పుడు మరో ఆపరేషన్. ఇవాళ మీకు తెలిసినంతవరకే చెప్పి ఆపు.

అచ్చుకు పంపేముందు మొత్తం అతనికి చదివి వినిపించు. జబ్బుపడ్డది అతను. వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసెయ్. తర్వాత నాకు పంపు, తొందరేమీ లేదు. ముందు అతని మందుల వేళలు చూసుకో.

ఆశీస్సులతో.