రాష్ట్రం నిషేధం ఎత్తేస్తే పాత కవర్లు వాడుకోవచ్చా?

ప్రశ్న: చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను. నెల కిందట మున్సిపల్ సిబ్బంది వచ్చి చేతి కవర్లు, ప్లాస్టిక్ గ్లాసులు పట్టుకెళ్లారు. జరిమానా కట్టించుకున్నారు గానీ కాగితం ఏదీ ఇవ్వలేదు. ఇప్పుడేమో మా హోల్‌సేల్ వ్యాపారి "రాష్ట్రాల్లో నిషేధాలు ఎత్తేస్తారట, 40 వేల సరుకు సగం ధరకే ఇస్తా, కొని పెట్టుకో" అంటున్నాడు. కొనమంటారా? నిషేధం ఎత్తేస్తే నా జరిమానా వెనక్కి వస్తుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: కొనకండి. సగం ధరకే కాదు, ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

రాష్ట్రాల నిషేధాలు ఉంచాలా, తీసేయాలా అన్న వాదన ఎటు తేలినా మీ కొట్టుకు ఒరిగేదేమీ లేదు. దానిపైన కేంద్రం నిషేధం ఒకటి ఉంది. 2021 ఆగస్టులో ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలను సవరించి, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, ట్రేలు, స్వీటు డబ్బాల మీద చుట్టే ఫిల్ము వంటివాటిని దేశమంతా నిషేధించారు. ఈ నిబంధనలకు ఆధారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి 1972లో జరిపిన స్టాక్‌హోమ్ సదస్సు నిర్ణయాల అమలు కోసం పార్లమెంటు చేసిన చట్టం అది. రాష్ట్రం ఒక జీవో ఇచ్చి దాన్ని పక్కన పెట్టలేదు.

రాష్ట్రం ఇంకా గట్టిగా ఉండాలనుకుంటే మాత్రం ఉండొచ్చు. తమిళనాడు 2019 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న నిషేధంలో ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులు కూడా ఉన్నాయి. తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2023 అక్టోబరులో కోర్టు పేపర్ కప్పుల నిషేధాన్ని సమర్థించింది. నాన్ వోవెన్ సంచుల (గుడ్డలా కనిపించే ప్లాస్టిక్ సంచుల) విషయం మాత్రం కొత్త కేంద్ర నిబంధనల వెలుగులో మళ్లీ పరిశీలించమంది.

ఇక మీ కొట్టులో కవర్ల సంగతి. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు, తనిఖీకి వచ్చేవాళ్లు కూడా. చేత్తో పట్టుకోవడానికి వీలుగా పిడి ఉన్న కవరు 'క్యారీ బ్యాగ్' కిందికి వస్తుంది. దాని మందం 2022 డిసెంబరు 31 నుంచి కనీసం 120 మైక్రాన్లు ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీరు సాంబారు పోసి రబ్బరు బ్యాండు వేసే కవరుకు పిడి ఉండదు. సరుకు చుట్టడానికి వాడే అలాంటి ప్లాస్టిక్ షీటుకు కేంద్ర నిబంధనల్లో కనీస మందం 50 మైక్రాన్లు. కాబట్టి సాంబారు కవర్లు కూడా పట్టుకెళ్లి ఉంటే, అవి 50 మైక్రాన్లకు తగ్గనివైతే, కేంద్ర నిబంధనల ప్రకారం మీకు గట్టి వాదన ఉన్నట్టే. మీ మున్సిపాలిటీ అంతకంటే కఠినంగా సొంత నిబంధన ఏదైనా పెట్టిందేమో ముందు కనుక్కోండి. గ్లాసుల విషయంలో మాత్రం మైక్రాన్ల లెక్క లేదు, ఎంత మందం ఉన్నా నిషేధమే.

జరిమానా మామూలుగా వెనక్కి రాదు. నిషేధం ఎత్తేసినా అది ఆ రోజు నుంచి ముందుకే వర్తిస్తుంది. కానీ కాగితం ఇవ్వకపోవడం తప్పు, అది మీరు ఊరుకోవాల్సిన విషయం కాదు. కమిషనర్ పేరున అర్జీ రాయండి. ఏ నిబంధన కింద జరిమానా వేశారు, ఏ సరుకు ఎన్ని కిలోలు జప్తు చేశారు, డబ్బు కట్టిన రసీదు ఏది అని అడగండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో చెప్పి తీరాలి.

ఆ 40 వేల సరుకుతో మళ్లీ దొరికితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి పర్యావరణ చట్టంలో ఉల్లంఘనకు జైలు తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టారు. వేసిన జరిమానా కట్టకపోతే అప్పుడు జైలు దాకా వెళుతుంది.

నిషేధం తీసేయాలనేవాళ్ల బాధ నాకు అర్థం కాక కాదు. చిప్స్ ప్యాకెట్ వేలాడదీసిన కొట్టుకు ఏమీ కాదు, పక్కన ఇడ్లీ కొట్టువాడికి జరిమానా పడుతుంది. ఇది అన్యాయమే. పెద్ద కంపెనీలు తమ ప్యాకెట్ల చెత్తకు బాధ్యత తీసుకోవాలని నిబంధనలున్నాయి, వాటినీ ఇంతే గట్టిగా అమలు చేయాలి. అంతేగానీ నిషేధం తీసేయడానికి నేను ఒప్పుకోను. బందరు కాలువ గట్టున నిలబడి, తూటికాడల్లో చిక్కుకున్న కవర్లు చూడండి. వాటిలో సగం మనం ఒక్క పూట కూర తెచ్చుకున్నవే. తనిఖీలు తయారీ యూనిట్ల దగ్గర, గోడౌన్ల దగ్గర మొదలవ్వాలి. అక్కడ ఆగితే మీ దాకా రాదు.

ఇకమీదట పిడి కవర్లు కొనేటప్పుడు తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం దాని మీద అచ్చు వేసి ఉన్నాయో లేదో చూడండి. కంపోస్టబుల్ (కుళ్లి ఎరువుగా మారేది) అని అమ్మితే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ అడగండి. సరుకు ఏదైనా సరే బిల్లు రాయించుకోండి. మీ హోల్‌సేల్ వ్యాపారిని కూడా ఈ 40 వేల సరుకుకు మైక్రాన్లతో సహా బిల్లు రాసిమ్మని ఒకసారి అడిగి చూడండి.