బొమ్మకు వస్తువు ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: రెండేళ్లుగా నీటిరంగులు సాధన చేస్తున్నాను. ఫొటో ముందు పెట్టుకుని కొండలనో, పడవలనో వేయమంటే ఫర్వాలేదనిపించేలా వేయగలను. సొంతంగా వేద్దామని కూర్చుంటే మాత్రం ఏమీ తోచదు. ఇల్లు, బస్సు, ఆఫీసు, మళ్లీ ఇల్లు: ఇందులో బొమ్మ వేయదగినది ఏముంటుంది? స్ఫూర్తి కోసం ఎక్కడికైనా వెళ్లిరావాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లిరండి, మంచిదే. కాని ఈ ఇబ్బందికి మందు అది కాదు. మీ ఉత్తరంలో ‘బొమ్మ వేయదగినది’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఫొటోలోని కొండను ఎంచుకున్నవారు, దాన్ని ఎంతమేరకు చూపాలో నిర్ణయించినవారు, వెలుగు అనుకూలంగా పడే వేళ కోసం కాచుకున్నవారు వేరొకరు. మీ వంతుకు వచ్చింది రంగులు వేయడం మాత్రమే. ఎంచుకునే పని ఇంతవరకు మీ కంటికి అప్పగించలేదు కనుకనే, ఎదురుగా ఇన్ని ఉన్నా అది ఏదీ తేల్చుకోలేకపోతోంది.

జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1503లో నీటిరంగులతో వేసిన ఒక చిత్రం వియన్నాలోని అల్బెర్టీనా మ్యూజియంలో ఉంది. అందులో ఉన్నది ఒక గడ్డి దుబ్బు, దానితోపాటు పెరిగిన కొన్ని కలుపు మొక్కలు, అంతే. ఇటలీకి చెందిన జోర్జో మొరాండీ (1890–1964) బొలోన్యాలోని తన గదిలో అవే సీసాలను, అవే డబ్బాలను దశాబ్దాల పాటు చిత్రించాడు. ఒక సీసాను కాస్త పక్కకు జరిపితే ఆయనకు అది మరో బొమ్మ. వీరిద్దరినీ గొప్పవారిని చేసింది వస్తువు కాదు కదా!

రేపు లేవగానే దుప్పటి మడత పెట్టకుండా అలాగే వదిలేయండి; అది తెల్లదైతే మరీ మంచిది. పక్కన కిటికీ ఉంటే, ముడతల మీద వెలుగు నేరుగా పడిన చోట ఏ రంగూ అక్కర్లేదు, ఎందుకంటే నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితమే. ఎండ తగలక ఆకాశపు వెలుగు మాత్రమే సోకే వంపులు నీలంగా కనిపిస్తాయి. గోడ వైపు తిరిగిన మడత లోపల ఆ గోడ రంగు లీలగా తేలుతుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమ రంగు కలిపితే వచ్చే బూడిద రంగు ఈ రెండింటికీ సరిపోతుంది: నీలం పాలు పెంచితే చల్లని నీడ, గోధుమ పాలు పెంచితే వెచ్చని నీడ. ముడతకు ఒక అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, రెండో అంచు ఎక్కడ ముగిసిందో తెలియకుండా వెలుగులో కలిసిపోతుంది. మొదటిదాన్ని పొడి కాగితం మీద తెగువగా గీసి, రెండో వైపు రంగు ఆరకముందే శుభ్రమైన తడి కుంచెతో తాకితే ఆ తేడా దానంతటదే వస్తుంది. ఆరాక రంగు లేతబడుతుంది కనుక, కంటికి కనిపించినదాని కన్నా ఒక పిసరు ముదురుగా వేయండి.

నీడ మాత్రం మీ కోసం ఆగదు. మొదటి నిమిషంలోనే దాని హద్దులను పెన్సిలుతో గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత అది ఎటు జరిగినా వెంటపడకండి. (వెంటపడి, ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యులున్నట్టు నీడలు వేసిన అనుభవం నాకు పుష్కలంగా ఉంది.) 1890–91లో గడ్డివాములను చిత్రించేటప్పుడు ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే, వెలుగు మారగానే ఉన్న కాన్వాసును పక్కన పెట్టి మరొకటి అందుకునేవాడు. స్కెచ్‌బుక్కులో మనకు పేజీ తిప్పితే చాలు.

ఇలా ఒకే దుప్పటిని వారం రోజులు వేయండి. మూడో రోజుకు విసుగు వస్తుంది. నా అనుభవంలో అసలు చూడటం మొదలయ్యేది ఆ విసుగు తర్వాతే. ‘ఏది అందంగా ఉంది’ అని వెతికే కన్ను అప్పటికి అలసిపోయి, ‘ఇందులో అన్నిటికన్నా ముదురైన చోటు ఏది’ అని అడగడం నేర్చుకుంటుంది. ఆ ప్రశ్నకు బస్సు కిటికీలోనూ, ఆఫీసు మెట్ల మీదా కూడా జవాబు ఉంటుంది.

ప్రశ్న: బస్సులో, నిరీక్షణ గదిలో మనుషులను గీయాలని ఉంది. సగం గీసేలోగా కదిలిపోతున్నారు. ఏం చేయాలి?

జవాబు: కదలనివ్వండి. మనిషి ఎంత కదిలినా తనకు అలవాటైన రెండు మూడు భంగిమలకే తిరిగి వస్తాడు. ఒకే పేజీలో నాలుగైదు బొమ్మలు మొదలుపెట్టి, ఆయన ఏ భంగిమకు తిరిగి వస్తే దాన్ని కొనసాగించండి. ముఖంతో మొదలుపెట్టడం వల్లే చాలామంది చిక్కుకుపోతారు. ముందు శరీరపు బరువు ఎక్కడ ఆనుతోందో చూడండి: సీటు మీదా, మోచేతి మీదా, గోడకు ఆనించిన భుజం మీదా? ఆ ఒక్క వాలు పట్టుబడితే, కళ్లూ ముక్కూ లేకపోయినా నిద్రమత్తులో ఉన్న మనిషి నిద్రమత్తులోనే కనిపిస్తాడు. ఎవరైనా గమనించి ఇబ్బందిపడితే పుస్తకం మూసేయడమే మర్యాద.

ప్రశ్న: ఫొటో తీసుకుని ఇంటికి వచ్చాక రంగులు వేస్తే తప్పా?

జవాబు: తప్పు లేదు, నష్టం ఉంది. వెలుగునీడల తేడా ఎక్కువగా ఉన్న చోట కెమెరా తరచుగా నీడను నల్లగా ముంచేస్తుంది, లేదా వెలుగును తెల్లగా తుడిచేస్తుంది. కంటికి ఆ నీడలో ఊదా, ఆకుపచ్చ కనిపించి ఉంటాయి. అందుకని ఫొటోతోపాటు అరచేతి సైజు పెన్సిల్ స్కెచ్ ఒకటి గీసి, దాని మీదే ‘గోడ నీడ ఊదా, కింద వెచ్చన’, ‘తలుపు అంచు మాత్రమే తెలుపు’ అని మాటల్లో రాసుకోండి. ఇంట్లో కుంచె పట్టుకున్నాక ఫొటోకూ ఆ రాతకూ పొసగని చోట రాతనే నమ్మండి.