రైజెన్ 7700నా, ఐ5-14600కెనా? సిక్కోలు వైపు తిరిగెళ్ళే కంప్యూటరు సంగతి

సందేహం: డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నానండి, మాది రాజాం. డెస్క్‌టాప్ ఒకటి కట్టుకుందామనుకుంటున్నాను. ఏఎండీ వాళ్ళ రైజెన్ 7 7700, ఇంటెల్ వాళ్ళ కోర్ ఐ5-14600కె, ఈ రెండు ప్రాసెసర్ల మధ్య తేలడం లేదు. రెండు మూడేళ్ళయ్యాక దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేస్తాను, తమ్ముడు వాడుకుంటాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: అసలు మాట చివర్లో చెప్పారు. తమ్ముడు వాడుకుంటాడన్నారు కనక 7700 తీసుకోండి. అమెరికాలోనే వాడి అక్కడే అమ్మేసే కంప్యూటరైతే జవాబు ఇంత తేలిగ్గా ఉండేది కాదు.

కాగితం మీద ఇంటెల్‌దే పైచేయి. 14600కెలో 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు, మొత్తం 20 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడపగల పనులు. 7700లో 8 కోర్లు, 16 థ్రెడ్లు. గరిష్ఠ వేగం రెండింటికీ 5.3 గిగాహెర్ట్జే. పెద్ద ప్రాజెక్టు కంపైల్‌కి పెట్టినా, బ్లెండర్‌లో రెండర్ పెట్టినా 14600కె ముందు ముగిస్తుంది. మామూలు గ్రాఫిక్స్ కార్డుతో ఆటలాడితే మాత్రం తేడా కంటికి ఆనదు.

అయితే ఆ వేగానికి మేత ఎక్కువ. టర్బోలో, అంటే పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు, 14600కె 181 వాట్ల దాకా లాగుతుంది. 7700 డబ్బా మీద 65 వాట్లని ఉంటుంది గానీ, బోర్డు మీద అది కూర్చునే సాకెట్ దగ్గర దాని అసలు హద్దు 88. తేడా 93 వాట్లు. కరెంటు బిల్లు గురించైతే బెంగ వద్దు. రోజుకి 4 గంటలు పూర్తి లోడు మీద నడిపినా అదనంగా అయ్యేది 0.37 యూనిట్లు, యూనిట్ 15 సెంట్లనుకున్నా రోజుకి 6 సెంట్లు దాటదు. తిప్పలన్నీ వేడితోనే.

ఎంత ఖరీదైన కూలరైనా గదిలో గాలి కన్నా చల్లగా చిప్‌ని ఉంచలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ ఇంచుమించు అన్నే పెరుగుతుంది. డల్లాస్‌లో 22 డిగ్రీల ఏసీ గదిలో 85 చూపిస్తున్న 14600కె, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలున్న రాజాం గదిలో 101కి పోవాలి. దాని హద్దు 100. అక్కడికొచ్చేసరికి వేగం అదే తగ్గించేసుకుంటుంది. మీరు డబ్బు పోసి కొన్న పైచేయి కాస్తా వడగాడ్పుల్లో ఆవిరైపోతుంది. 7700 హద్దు 95 డిగ్రీలే అయినా, లాగేది సగం వాట్లే కాబట్టి అదే గదిలో ఊపిరాడుతుంది.

పైగా 7700 డబ్బాలో రెయిత్ ప్రిజం కూలరు వస్తుంది. 14600కెకి కూలరు ఇవ్వరు, రెండు ఫ్యాన్ల పెద్ద టవర్ కూలరు విడిగా కొనాలి. లిక్విడ్ కూలరు పెట్టేస్తే సరిపోదా అంటారేమో. ఊరికి పంపే కంప్యూటరుకి అది వద్దు. ఎప్పుడో ఒకనాడు పంపు ఆగిపోతుంది, అప్పుడు దాని కోసం తమ్ముడు విశాఖపట్నం బస్సెక్కాలి. ఫ్యాన్ పాడైతే మరో ఫ్యాన్ బిగించుకుంటాడు.

ఇంకో సంగతి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ తీసుకుని లోపల అరిగిపోతున్నాయని 2024లో బయటపడింది. ఆ ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్‌లు (చిప్‌ని లోపల నడిపే కోడు) విడుదల చేసి, డబ్బాతో అమ్మిన ప్రాసెసర్లకి వారంటీని 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకి పెంచారు. 14600కె ఆ జాబితాలో ఉంది. కొత్తది కొని, మొదటి రోజే బయోస్ (కంప్యూటరుని మొదలుపెట్టే, బోర్డులోని సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ చేసుకుంటే భయం లేదు. అరిగిపోయిన చిప్‌ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. కాబట్టి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో చవగ్గా దొరికిందని పాత 14600కె జోలికి పోకండి. గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉన్నా ఆట తెరవగానే వీడియో మెమరీ చాలలేదని చెప్పి మూసుకుపోవడం, పెద్ద జిప్ ఫైళ్ళు విప్పుతుంటే మధ్యలో తప్పు చూపించడం, అరిగిన చిప్ లక్షణాలు ఇవీ.

మదర్‌బోర్డు లెక్క కూడా ఏఎండీ వైపే మొగ్గుతుంది. 14600కె కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ 14వ తరంతో ఆఖరు, తర్వాతొచ్చిన కోర్ అల్ట్రా 200కి 1851 సాకెట్ కావాలి. 7700 కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 దాకా, ఆ పైన కూడా మద్దతిస్తామని ఏఎండీ చెప్పింది. తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరాక, బయోస్ అప్‌డేట్ చేసి అదే బోర్డులో రైజెన్ 9000 సిరీస్ చిప్ వేసుకోవచ్చు.

14600కె ఎవరికి నప్పుతుంది మరి? ఇంట్లో 32 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఊరికే పడి ఉన్నవాళ్ళకి. ఇంటెల్‌లో డీడీఆర్4 బోర్డులున్నాయి, ఏఎం5 డీడీఆర్5 తప్ప మరోటి ముట్టదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాక ఇది చిన్న విషయం కాదు. రెండోది, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళకి. కొత్త కెమెరాలు తీసే 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ అనే రకం ఫుటేజీని 14600కెలోని గ్రాఫిక్స్ నేరుగా విప్పుతుంది, టైమ్‌లైన్ ఆగకుండా కదులుతుంది. పేరు చివర ఎఫ్ ఉన్నది కొన్నారో, ఆ గ్రాఫిక్స్ ఉండదు, ఉన్న ఒక్క సుఖమూ పోతుంది. మీ తమ్ముడు అటువైపు వెళ్ళేలా ఉంటే ఇంటెలే కొనండి గానీ, బయోస్‌లో పీఎల్1, పీఎల్2 అనే కరెంటు హద్దులు రెండూ 125 వాట్లకి కట్టండి. పాత బయోస్‌తో చాలా బోర్డులు వాటిని హద్దే లేనట్టు 4095 వాట్లకి వదిలేసేవి.

కొనేటప్పుడు: ర్యాక్ మీద రాసిన ధరకి టెక్సస్‌లో 8.25 శాతం దాకా సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది, బడ్జెట్ అది కలుపుకునే వేసుకోండి. మైక్రో సెంటర్‌లో ప్రాసెసరు, బోర్డు, ర్యామ్ కలిపి కట్టగా అమ్ముతుంటారు, దుకాణానికి వెళ్ళి తెచ్చుకోవాలి, విడివిడిగా కొన్నదానికన్నా బాగా కలిసొస్తుంది. డబ్బాలో వచ్చిన ప్రాసెసరే తీసుకోండి, డబ్బా లేకుండా అమ్మే ట్రే సరుకు వద్దు. బిల్లు ఫోటో తీసి దాచండి.

ర్యామ్ 16 జీబీవి రెండు, డీడీఆర్5-6000, సీఎల్30, ఎక్స్‌పో అని రాసి ఉన్నవి. బోర్డు మీద ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. నాలుగు కర్రలు పెట్టారంటే వేగం 3600కి పడిపోవచ్చు. ఇక అందరూ హడలిపోయేది మొదటిసారి స్విచ్ వేసినప్పుడు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగానే ఉంటుంది. 2 నిమిషాలు, 5 నిమిషాలు, ఒక్కోసారి 10 నిమిషాలు. బోర్డు మీద డీర్యామ్ అని రాసినచోట చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. అది మెమరీని సరిచూసుకుంటున్న పని, ముట్టుకోకండి. కంగారుపడి స్విచ్ తీసేస్తే మళ్ళీ మొదటినుంచీ మొదలెడుతుంది. బోర్డు పోయిందనుకుని వాపసు ఇచ్చేసేవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు. బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే అమరిక) ఆన్ చేసినప్పుడు కూడా ఒకసారి ఇలాగే జరుగుతుంది.

ఊరికి తీసుకెళ్ళేటప్పుడు క్యాబినెట్‌ని డల్లాస్‌లోనే ఎవరికైనా ఇచ్చేయండి. దానికోసం 23 కిలోల పెట్టె పాడుచేసుకోవడం దండగ, విశాఖలో దొరుకుతుంది. బోర్డుని ప్రాసెసర్ ఉండగానే యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి క్యాబిన్ బ్యాగులో తీసుకెళ్ళండి. కూలరు, గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఊడదీసి విడిగా సర్దాలి, బిగించి ఉంచితే దెబ్బలకి బోర్డు విరుగుతుంది. ప్రాసెసరు విడిగా తీసుకెళ్తే సాకెట్ మీద నల్ల ప్లాస్టిక్ మూత తప్పకుండా పెట్టండి, పిన్నులు బోర్డులోనే ఉంటాయి, ఒకటి వంగినా బోర్డు పోయినట్టే. కస్టమ్స్‌లో ల్యాప్‌టాప్‌కిచ్చే ప్రత్యేక మినహాయింపు డెస్క్‌టాప్ భాగాలకి వర్తించదు, మామూలు పరిమితిలోనే లెక్కేస్తారు.

పవర్ సప్లై మీద 100-240 అని రాసి ఉంటే రాజాంలో తీగ మారిస్తే చాలు. వెనక 115/230 అని ఎర్ర స్విచ్ ఉంటే, దాన్ని 230కి జరపకుండా ప్లగ్ పెట్టకూడదు. 115లో ఉంచి పెడితే ఢామ్మంటుంది.

యూపీఎస్ కూడా ఇప్పుడే ఆలోచించండి. బజార్లో చవగ్గా దొరికే 600 వీఏది సుమారు 360 వాట్లే మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని 7700, మానిటర్‌తో సహా అందులో హాయిగా ఇముడుతుంది. 14600కెకి 200 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తోడైతే లోడు మీద కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యోమని అరిచి అదీ ఆగిపోతుంది, 1000 వీఏది కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారా, దాని వెనక యూపీఎస్, ఈకో అని మీట ఉందేమో తమ్ముణ్ణి చూడమనండి. ఈకోలో ఉంటే ఫ్యాను ఆగదు గానీ కంప్యూటరు రీస్టార్ట్ అయిపోతుంది.