ఎన్నారై సందేహాలు: స్ప్రింగులు మార్చిన కారు, 22 ఏళ్ల డ్రైవరు, బ్రిటన్ బీమా

తిరుపతి కొర్లగుంట నుంచి వెళ్లి లెస్టర్‌లో ఎం.ఎస్సీ. చదువుతున్న 22 ఏళ్ల అబ్బాయి ఒకరు, నేను సెలవులకు చిత్తూరు వచ్చిన వారంలోనే పంపిన సందేహం ఇది. “అన్నా, పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి కొన్నా. ముందు ఓనరే దానికి పెద్ద అల్లాయ్ వీల్సు, బండిని కిందికి దించే స్ప్రింగులు, లావు సైలెన్సరు వేయించి ఉన్నాడు. ఇన్సూరెన్సుకు చూస్తే కారు ధర కన్నా ఎక్కువ చూపిస్తా ఉంది. మార్పులు ఏమన్నా ఉన్నాయా అనే దగ్గర ‘లేవు’ అని నొక్కితే మాత్రం ఆరేడు వందల పౌండ్లు తగ్గుతా ఉంది. ఆ మార్పులు నేను చేసినవి కావు కదా, లేవని పెట్టేయొచ్చునా?”

పెట్టకూడదు. ఇంతటితో జవాబు ముగించవచ్చు గానీ, కారణం తెలియకపోతే రేపు మరో ప్రశ్న దగ్గర ఇదే తడబాటు మళ్లీ వస్తుంది. పైగా ఈ సెప్టెంబరులో మన జిల్లా నుంచి బయలుదేరేవారిలో సగం మందికి, నాకు తెలిసినంతలో, అక్కడ దిగిన ఆరు నెలలకే కారు మీద మనసు పోతుంది. కనుక కొంచెం విపులంగానే రాస్తున్నాను.

మన దగ్గర బీమా బండికి చేయిస్తాము. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి చేయించే బీమా) రేట్లు చూడండి: ప్రైవేటు కారు ఇంజను 1000 సీసీ లోపైతే ఏడాదికి 2,094 రూపాయలు, 1500 లోపైతే 3,416, ఆ పైనైతే 7,897. నడిపేది 60 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడా, నిన్ననే లైసెన్సు చేతికందిన కుర్రవాడా అన్న ప్రశ్న ఆ పట్టికలో ఎక్కడా లేదు. ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంటుంది, కొడుకు నడుపుతాడు, పెళ్లికి పోవాలంటే బావమరిది వచ్చి తాళం చెవి తీసుకుపోతాడు. లైసెన్సు ఉన్నంతవరకు ఎవరు నడిపినా పేచీ లేదు. ఈ అలవాటుతో పెరిగిన మనకు బ్రిటన్ కొటేషను చూడగానే ఎవరో దోచుకుంటున్నట్టు అనిపించడం సహజం.

అక్కడ బీమా బండికీ మనిషికీ కలిపి చేస్తారు. మన పిల్లలు కొనే పాత కార్లకు 1 నుంచి 50 వరకు గ్రూపులు ఉన్నాయి; చిన్న ఇంజను, చౌకగా దొరికే విడిభాగాలు, దొంగకు లొంగని తాళాలు ఉన్న బండి కింది గ్రూపులో, వేగం ఎక్కువ, మరమ్మతు ఖరీదు అయిన బండి పై గ్రూపులో పడుతుంది. దాని మీద మనిషి లెక్క వస్తుంది: వయసు, లైసెన్సు ఎక్కడిది, ఎన్నేళ్లది, ఉండే వీధి ఏది, రాత్రి కారు ఎక్కడ పెడతారు, ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారు. మీ భారతీయ లైసెన్సు మీద, నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు నడపవచ్చు గానీ, దాన్ని అక్కడి లైసెన్సుగా మార్చుకునే వీలు లేదు. ప్రొవిజనల్ (నేర్చుకునేవారికి ఇచ్చే) లైసెన్సు తీసుకుని, థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు రెండూ రాసి పాసు కావలసిందే. ఇక్కడ పదేళ్లు గీత పడకుండా నడిపి సంపాదించిన నో క్లెయిమ్ బోనస్‌ను అక్కడ చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. మగపిల్లలు తమ చెల్లెలి పేరున తీసుకుంటే తగ్గుతుందేమో అని అడుగుతుంటారు. ఐరోపా న్యాయస్థానం తీర్పు వల్ల 2012 డిసెంబరు 21 నుంచి ఆడ, మగ తేడాతో ప్రీమియం వేయడం ఆగిపోయింది. వచ్చిన మొత్తం మీద 12 శాతం బీమా పన్ను కూడా కలుస్తుంది.

వయసు విషయంలో వాళ్ల లెక్క వేరే. కొత్త డ్రైవరు వల్ల నష్టపోయేది మనం కొన్న రెండు వేల పౌండ్ల డొక్కు కారే అయితే ప్రీమియం అంత ఉండదు. మన కారు గుద్దిన మనిషికి జీవితాంతం వైద్యం, సంరక్షణ కావలసి వస్తే ఆ పరిహారం లక్షల పౌండ్లకు చేరుతుంది, ఆ బాధ్యతే ప్రీమియంలో పెద్ద భాగం. అందుకే కారు ధరతో ప్రీమియాన్ని పోల్చి బాధపడడంలో అర్థం లేదు.

ఇప్పుడు మార్పుల సంగతి. తిరుపతిలో కొత్త బండి పూజ అయిన మరునాడే కార్ డెకార్స్ దుకాణానికి తీసుకుపోయి సీటు కవర్లు, సన్ ఫిల్ము, రంగు లైట్లు, గట్టి హారను వేయించడం మనకు బండి కొనడంలో భాగం. చట్టం మన దగ్గరా లేకపోలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడానికి హద్దులు పెట్టింది, అద్దాలకు నల్ల ఫిల్ములు వద్దని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. అమలు ఎలా ఉందో మీకు తెలుసు. బ్రిటన్ రోడ్డు ట్రాఫిక్ చట్టం కూడా యాదృచ్ఛికంగా 1988దే. అక్కడ ముందు గాజు 75 శాతం, ముందు తలుపుల అద్దాలు 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. సైలెన్సరును కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎక్కువ శబ్దం చేసేలా మార్చడం నేరం. అయితే చట్టబద్ధమైన మార్పు కూడా బీమా కంపెనీకి చెప్పవలసిన మార్పే. చట్టం ఒప్పుకోవడం, కంపెనీకి చెప్పడం అనే ఈ రెండింటినీ మన పిల్లలు ఒకటిగా చూస్తారు, చిక్కు అక్కడే వస్తుంది. ఇంజను కంప్యూటరును రీమ్యాప్ చేయించి బలం పెంచడం, స్ప్రింగులు, బ్రేకులు, చక్రాలు, బాడీ కిట్, రంగు మార్చే వినైల్ చుట్టు, చివరికి ట్రెయిలరు తగిలించే కొక్కెం కూడా చాలా కంపెనీలు అడిగే జాబితాలో ఉంటాయి. అలంకారానికి వేసిన చక్రం వేగం పెంచదు కదా అని వాదించేవారు ఉన్నారు. కానీ మంచి చక్రాలు దొంగను ఆకర్షిస్తాయి, గుంతలో పడితే మార్చడానికి ఖర్చు ఎక్కువ, పైగా స్ప్రింగులు, సైలెన్సరు కలిసి ఉన్న బండిని ఎలాంటివారు ఎలా నడుపుతారో కంపెనీ తన పాత క్లెయిములను చూసి అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా మీ విషయంలో తప్పు కావచ్చు. రేటు మాత్రం దాని ప్రకారమే పడుతుంది. కంపెనీ నుంచి కారుతో పాటు వచ్చిన చక్రాలైతే సాధారణంగా మార్పు కిందికి రావు.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. వాడు బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాది పాత కారు కొన్నాడు, మీ బండి లాగే ముందు యజమాని మార్చిన స్ప్రింగులతో. కారు కొంచెం కిందికి ఉందని గమనించాడే గానీ అడగలేదు. వానలో ఒక రౌండబౌట్ దగ్గర జారి దీపస్తంభానికి గుద్దుకున్నాడు. కంపెనీ పంపిన ఇంజనీరు వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన నుజ్జయిన బంపరును రెండు నిమిషాలే చూశాడు. ఆ తర్వాత ఏ దెబ్బా తగలని వెనక చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చిన్న టార్చి లోపలికి వేసి, ఎర్ర రంగు పూసిన స్ప్రింగును ఫోటో తీసుకున్నాడు. కంపెనీ స్ప్రింగులు సాధారణంగా నల్లగా ఉంటాయి, మార్పు స్ప్రింగులకు చాలాసార్లు ఎరుపో నీలమో రంగు వేస్తారు. అంత మాత్రం మాకు అప్పుడే తెలిసింది. వాడు కట్టిన ప్రీమియం 1,500 పౌండ్లు. ముందే చెప్పి ఉంటే 2,000 అడిగేవాళ్లమని కంపెనీ చెప్పింది. కట్టవలసినదానిలో నాలుగింట మూడు వంతులే కట్టాడు కనుక నష్టంలోనూ నాలుగింట మూడు వంతులే చెల్లించారు. నాకు కోపం వచ్చింది, వాడి తరఫున పెద్ద ఉత్తరమే రాశాను. తర్వాత చట్టం చదివితే లెక్క వాళ్లదే సరి.

ఆ చట్టం 2012లో వచ్చింది. వినియోగదారుడు బీమా ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవాలి అని దాని సారం. అజాగ్రత్త వల్ల తప్పు చెబితే, నిజం తెలిసి ఉంటే కంపెనీ ఏం చేసేదో దాన్ని బట్టి చెల్లింపు తగ్గుతుంది. అసలు పాలసీయే ఇచ్చేది కాదని తేలితే క్లెయిము పోతుంది, ప్రీమియం మాత్రం తిరిగి ఇస్తారు. తెలిసి అబద్ధం చెబితే పాలసీని మొదటి నుంచే లేనట్టు చేసి, కట్టిన డబ్బు కూడా ఉంచుకోవచ్చు. మా మేనల్లుడిది మొదటి రకం. మార్పుల గురించి ముందే నాకు రాసి, ఆ తర్వాత ‘లేవు’ అని నొక్కితే మీది చివరి రకం అవుతుంది. అప్పుడు కూడా మీరు గుద్దిన మనిషికి కంపెనీ పరిహారం ఇవ్వవలసి రావచ్చు, ఇచ్చి మీ దగ్గర వసూలు చేసుకోవడానికి వస్తుంది. ఆ తర్వాత ఏ కంపెనీ దరఖాస్తు తెరిచినా ‘మీ పాలసీని ఎవరైనా రద్దు చేశారా’ అనే ప్రశ్న ఎదురవుతుంది, అవునంటే రేటు ఆకాశానికి పోతుంది.

మా చిత్తూరువాళ్లకు దీన్ని వివరించడం తేలిక. ఊళ్లో తగవు తేలకపోతే కాణిపాకం పోయి కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటారు. అక్కడికి వెళ్లే దారిలోనే నిజం ఒప్పుకున్నవాళ్ల కథలు మా ఇళ్లలో ఎన్నో. కొత్త బండిని పూజకు తీసుకుపోయేదీ అక్కడికే. బీమా దరఖాస్తును అలాంటి ప్రమాణం లాగే చదవమని నేను పిల్లలకు చెబుతుంటాను. ఫోనులో గబగబా నొక్కే గళ్లు కాబట్టి వాటికి ఆ బరువు ఉన్నట్టు కనిపించదు, అంతే.

మన కుటుంబాలలో మరో పొరపాటు ఉంది. అక్కడ స్థిరపడిన మామనో పెదనాన్ననో ముఖ్య డ్రైవరుగా చూపించి, రోజూ నడిపే అబ్బాయిని రెండో పేరుగా చేర్చడం. నన్నూ ఇద్దరు ముగ్గురు అడిగారు, కాదన్నందుకు ఒక ఇంట్లో ఇప్పటికీ మాట సరిగా లేదు. దీన్ని అక్కడ ‘ఫ్రంటింగ్’ అంటారు, మోసం కింద లెక్క. అదే మామ నిజంగానే వారాంతాల్లో ఆ కారు నడుపుతుంటే, అబ్బాయి ముఖ్య డ్రైవరుగా, ఆయన రెండో డ్రైవరుగా చేర్చడం న్యాయమే, చాలాసార్లు ప్రీమియం తగ్గుతుంది కూడా. పాలసీలో పేరు లేని స్నేహితుడికి తాళం చెవి ఇవ్వకండి. బీమా లేకుండా నడిపినందుకు అతని లైసెన్సు మీద కనీసం 6 జరిమానా పాయింట్లు, నడపనిచ్చినందుకు మీకూ కేసు, కారును పోలీసులు పట్టుకుపోవచ్చు. అక్కడి లైసెన్సు వచ్చిన రెండేళ్లలోపు 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది, పరీక్షలు మళ్లీ మొదటి నుంచి.

ఇక తిరుపతి అబ్బాయి కారు సంగతి. ముందుగా రిజిస్ట్రేషను నంబరుతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ కారు ఎంఓటీ (బండి రోడ్డుకు తగిందేనా అని చూసే) తనిఖీల చరిత్ర చూడండి, ఉచితం. స్ప్రింగులు, సైలెన్సరు గురించి తనిఖీ చేసినవారు ఎప్పుడైనా రాసి ఉండవచ్చు. రీమ్యాప్ కంటికి కనిపించదు కనుక గ్యారేజీలో అడిగి చూపించుకోండి. తర్వాత రెండు దారులు. మొదటిది, చక్రాలు, స్ప్రింగులు, సైలెన్సరు మూడూ తీయించి పాత కార్ల విడిభాగాల యార్డు నుంచి కంపెనీవి తెచ్చి వేయించడం. మీ వయసులో, చదువు మధ్యలో, ఇదే చౌక అని నా అభిప్రాయం. ఇంకే మార్పూ లేకుంటే అప్పుడు ‘లేవు’ అన్న జవాబు నిజమవుతుంది, బిల్లు దాచుకోండి. రెండోది, కారు అలాగే ఉండాలనుకుంటే, కంపెనీల రేట్లు పోల్చి చూపే వెబ్‌సైట్లలో కాకుండా మార్పులు చేసిన కార్లకే పాలసీలు ఇప్పించే బ్రోకర్లకు ఫోను చేయడం. మామూలు కంపెనీ ప్రమాదం తర్వాత మామూలు చక్రమే వేసి ఇస్తుంది. ఈ బ్రోకర్ల దగ్గర మార్చిన భాగానికి అదే రకం భాగం ఇచ్చేలా, కారు విలువను ముందే ఒప్పుకునేలా పాలసీ దొరుకుతుంది. ఫోటోలు, రశీదులు అడుగుతారు.

ఏ దారి అయినా బ్లాక్ బాక్స్ పాలసీ ధర ఒకసారి చూడండి. వేగం, బ్రేకు, నడిపే వేళలు నమోదు చేసే పరికరం అది. అలిపిరి దగ్గర రశీదు మీద సమయం వేసి, కొండ మీదికి ముందే చేరిన బండికి జరిమానా వేసే పద్ధతి ఎరిగినవారికి కొత్తగా తోచదు. అయితే కొన్ని కంపెనీలు మార్పులున్న కారుకు దాన్ని ఇవ్వవు, ముందే అడగండి. పాలసీ మొదలయ్యే రోజుకు మూడు వారాల ముందు కొటేషను తీసుకుంటే చివరి రోజు కన్నా సాధారణంగా తక్కువ వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే చౌక అనుకోకండి, కుర్రవాళ్లకు పూర్తి బీమాయే తక్కువకు వచ్చిన సందర్భాలు నేను చాలా చూశాను. సొంతంగా భరించే ఎక్సెస్ మొత్తాన్ని పెంచితే ప్రీమియం తగ్గుతుంది, కానీ ప్రమాదమైన రోజున ఆ మొత్తం మీ బ్యాంకులో ఉండాలి. పాలసీ నడుస్తుండగా ఏ మార్పు చేయించాలన్నా ముందు కంపెనీకి రాసి, ఒప్పుకున్నట్టు ఈమెయిల్ వచ్చాకే గ్యారేజీకి పోండి. రంగు మార్చితే లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్ఏకు కూడా తెలపాలి.

ఆ అబ్బాయి వాళ్ల అమ్మగారు నాకు విడిగా ఫోను చేసి, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి బొమ్మ, వెనక గాజు మీద గోవింద నామాలు కూడా బీమావాళ్లకు చెప్పాల్నా అని అడిగారు. వెనక గాజు మీద చిన్న స్టిక్కరును ఎవరూ మార్పుగా లెక్కించరు. బొమ్మ మాత్రం డ్రైవరు చూపుకు అడ్డం రాకూడదు, అద్దానికి దండ వేలాడదీయకూడదు. అక్కడా స్టీరింగు మనలాగే కుడివైపు కనుక, స్వామిని ఎడమ మూలన కిందికి అతికించుకోమని చెప్పండమ్మా అన్నాను.