కోతి దాకా వెళ్ళే ముందు

చిరంజీవి మాధవికి, గుంటూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కోతి మనిషికి అంత దగ్గరి జీవి అయినప్పుడు, క్యాన్సర్ కలిగించే రసాయనాలను ఎలుకల మీద రెండేళ్ళు పరీక్షిస్తూ కూర్చోవడం దేనికని అడిగావు. ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపు కింద జంతువుల కణజాలపు స్లైడ్లు చూస్తూ కూర్చున్నవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్ళు. రెండేళ్ళ పరీక్షలో దాని జీవితం దాదాపు పూర్తవుతుంది. అందుకే ఒక్కొక్క మోతాదుకు మగవి 50, ఆడవి 50 చొప్పున పెంచడం సాధ్యమవుతుంది. కోతితో ఆ లెక్క కుదరదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1961లో కోతులతో మొదలుపెట్టిన పరీక్షలు మూడు దశాబ్దాలు దాటి సాగాయి. వాటిలో 20 కోతులకు పుట్టిన మొదటి రోజు నుంచే కిలో బరువుకు 25 మిల్లీగ్రాముల సాకరిన్‌ను (చక్కెరకు బదులు వాడే తీపి రసాయనం) వారానికి 5 రోజుల చొప్పున, కొన్నింటికి 24 ఏళ్ళ దాకా ఇచ్చినా, ఎలుకల్లో కనిపించిన మూత్రాశయపు గడ్డలు వాటిలో కనిపించలేదు. ఎలుక మూత్రంలో ఏర్పడే కాల్షియం ఫాస్ఫేటు మడ్డి మూత్రాశయపు పొరను దెబ్బతీయడమే అక్కడి కారణమని తేలింది. ఇది విని కోతిదే గెలుపు అనుకోకు. నూటికి 5 జంతువులకు జబ్బు తెచ్చే రసాయనమైనా సరే, 20 కోతుల్లో ఒక్కదానికీ రాకుండా తప్పిపోయే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే ఉంటుంది. కావాలంటే నువ్వే లెక్క కట్టి చూడు.

కోతి మనల్ని తప్పుదారి పట్టించిన సందర్భం కూడా ఉంది. మాంసం బాగా మాడేలా వండినప్పుడు పుట్టే పదార్థాల్లో ఐక్యూ, ఎంఈఐక్యూఎక్స్ అనేవి రెండు. రెండూ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చాయి. సైనోమోల్గస్ కోతుల్లో మాత్రం మొదటిది కాలేయ క్యాన్సర్ తెస్తే, రెండోది ఏమీ చేయలేదు. దానిని విషంగా మార్చే సీవైపీ1ఏ2 ఎంజైము ఆ కోతి కాలేయంలో దాదాపు లేకపోవడమే కారణం. ఆ ఎంజైము మన కాలేయంలో దండిగా ఉంది! కనుక ఏ జంతువని అడగడానికి ముందు, ఈ రసాయనాన్ని ఏ ఎంజైము మారుస్తుంది, అది ఏ జంతువులో ఉంది అని అడుగు.

ఇక మేతను ఎన్నడూ నమ్మవద్దు. వేరుశనగ మీద కట్టే బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళను చంపాకే లోకానికి తెలిసింది. మన హైదరాబాదు శాస్త్రజ్ఞులు 1960ల్లోనే దానిని కోతులకు తినిపించి కాలేయం ఎలా చెడిపోతుందో చూపారు. నేను పనిచేసిన ఒక ప్రయోగశాలలో, ఏ రసాయనమూ ఇవ్వని కంట్రోల్ గుంపు ఎలుకల కాలేయాలే చెడి ఉండటం చూసి నెల రోజులు తలపట్టుకున్నాం. చివరికి తేలింది, వానాకాలంలో బూజు పట్టిన వేరుశనగ చెక్కను మేతలో కలిపారని. పద్ధెనిమిది నెలల శ్రమ, అన్ని ప్రాణాలు, చెత్తబుట్టలో పడ్డాయి. ప్రతి బస్తా నుంచి నమూనా తీసి పరీక్షించాకే మేత వాడు. చిట్టెలుకలు తట్టుకున్నాయి కదా అని మేత బాగుందనుకోకు. అఫ్లటాక్సిన్‌ను ఎలుక కంటే చిట్టెలుక ఎంతో బాగా తట్టుకుంటుంది.

పంజరాలను పొద్దున, రాత్రి రెండు పూటలా స్వయంగా చూడు. మన ఎండల్లో రాత్రి చచ్చిన ఎలుక తెల్లవారేసరికి స్లైడుకు పనికిరాదు. అదీగాక, బాధపడుతున్న జంతువును గుర్తించి సకాలంలో ఆ బాధ తప్పించడం నీ ధర్మం.

కోతులు తప్పనిసరి అయితే, మీ సంస్థలోని ఎథిక్స్ కమిటీ ఒక్కటే చాలదు, కేంద్ర కమిటీ అనుమతి కూడా కావాలి. ఆ అర్జీలో ఎలుకతో గానీ, గాజు పాత్రలోని మానవ కాలేయ కణాలతో గానీ ఈ ప్రశ్న ఎందుకు తేలదో రాయవలసిన పేరా ఒకటి ఉంటుంది. ముందుగా దాన్నే రాసి నాకు పంపు. ఎర్ర సిరాతో దిద్ది, తిరుగు టపాలో పంపుతాను.

మీ పెదనాన్న