హిమాలయన్ మార్చాలా? మేనల్లుడికి మామయ్య లేఖ

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగేళ్లుగా నడుపుతున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మోటారు సైకిలును ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి హిమాలయన్ 450 తీసుకోవాలా, లేక కేటీఎం 390 అడ్వెంచర్ వైపు వెళ్లాలా అని అడిగావు. నీ ప్రశ్నలో రెండు కొత్త బండ్లున్నాయి గాని, ఉన్నదాన్ని ఉంచుకోవడమన్న మూడో దారి లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు కనపడిన లోపం అదొక్కటే. అందుచేత ముందు ఆ దారి గురించే రాస్తాను. అది చదివాక కూడా కొత్తదే కావాలనిపిస్తే, ఏది ఎలా కొనాలో చివర చెబుతాను.

బండి మీటరు 38,000 కిలోమీటర్లు చూపిస్తోందని రాశావు. ఒక ఆదివారం కూర్చొని ఆ ముప్పై ఎనిమిది వేలూ ఎక్కడెక్కడ తిరిగావో కాగితం మీద వేసి చూడు. నాకు తెలిసినంతలో నేనే ఒక లెక్క వేశాను. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రాకపోకలే ఇరవై ఆరు వేలకు తక్కువ ఉండవు. మిగిలిన పన్నెండు వేలలో శ్రీశైలం, హంపి, రెండుసార్లు విశాఖ, ఒకసారి అరకు ఉన్నాయి. తారు లేని దారి మీద నడిపింది అంతా కలిపినా మూడు వందల కిలోమీటర్లు దాటదు. ఈ మాట నిన్ను చిన్నబుచ్చడానికి రాయడం లేదు. ఆ మూడు వందల కిలోమీటర్లే నీకు బాగా గుర్తుండి ఉంటాయని నాకు తెలుసు. అయితే కొత్త బండి కూడా రోజూ వెళ్లేది ఆ కూకట్‌పల్లి రోడ్డు మీదే కాబట్టి, దాన్ని బేరీజు వేయవలసింది ముందుగా అక్కడ.

అక్కడ పాత ఇంజనుదే పైచేయి. 411 ఇంజను పొడవైన స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) గలది, గాలితోనూ ఆయిలుతోనూ చల్లబడేది. దాని 32 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం, నాలుగు వేలు, నాలుగున్నర వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మధ్యనే పూర్తిగా అందుతుంది. అందువల్ల రెండో గేరులో క్లచ్చి పెద్దగా నలపకుండానే సిటీ బస్సు వెనక నెమ్మదిగా పోవచ్చు. 450 ఇంజను నీటితో చల్లబడుతుంది, దాని 40 న్యూటన్ మీటర్లు 5,500 దగ్గర, సుమారు నలభై హార్స్‌పవరూ 8,000 దగ్గర వస్తాయి. ఖాళీ రోడ్డు మీద ఆ ఇంజను ఎంత హుషారుగా పరుగెడుతుందో, ఏప్రిల్ ఎండలో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు రేడియేటరు ఫ్యాను అంత హుషారుగానూ వేడిగాలి కాళ్ల మీదకు కొడుతుంది. ఇది ఆ బండి లోపం కాదు. ఎక్కువ శక్తిని ఇచ్చే ఇంజను ఎక్కువ వేడిని బయటకు తోయక తప్పదు.

ఇక పాత బండి మీద నువ్వు రాసిన రెండు ఫిర్యాదులను విడివిడిగా చూడాలి. హైవే మీద వంద దాటితే హ్యాండిలు, ఫుట్‌రెస్టులు వణుకుతున్నాయన్నది మొదటిది. నిజమే, ఆ బండికి ఎనభై, తొంభై మధ్య వేగమే హాయి. కానీ 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన పరిమితుల ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. ఔటర్ రింగు రోడ్డు మీదికైతే ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్, సూర్యాపేట దగ్గర రోడ్డు దాటే గేదెలనూ, ఎదురు దారిలో వచ్చే ట్రాక్టర్లనూ తలుచుకుంటే ఆ పరిమితి పెట్టినవాళ్ల మీద నాకు కోపం రాదు. నూట ఇరవైలో వణకని బండి కోసం మూడు లక్షలు పెట్టడం నాకు సబబుగా తోచదు.

రెండో ఫిర్యాదు మాత్రం బలమైనది. మొన్న సంక్రాంతికి అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకొని, రెండు బ్యాగులు కట్టుకొని అనంతగిరి ఘాట్ ఎక్కినప్పుడు మలుపు మలుపుకీ రెండో గేరుకు దిగవలసి వచ్చిందనీ, లారీని దాటబోయి రెండుసార్లు వెనక్కి తగ్గావనీ రాశావు. బండి 199 కిలోలు, మీరిద్దరూ సామానూ కలిపి నూట యాభై పైన. మొత్తం మూడున్నర క్వింటాళ్ల బరువును ఇరవై నాలుగు హార్స్‌పవరు లాగాలి. హిమాలయన్ 450 కూడా 196 కిలోలే కాబట్టి అంత బరువుకే దాదాపు నలభై హార్స్‌పవరు దొరుకుతుంది. లారీని చప్పున దాటగలగడం రెండు వరసల రోడ్డు మీద సరదా కాదు, ప్రాణరక్షణ. ఇకపై నీ ప్రయాణాల్లో సగానికి పైగా ఇద్దరూ కలిసి వెళ్లేవే అయితే కొత్త బండికి అనుకూలంగా నేను ఒప్పుకునే మొదటి కారణం ఇదే. ఒంటరిగా తిరిగేవాడికైతే ఈ కారణం లేదు.

లడఖ్ వెళ్లాలన్న నీ మాటకు వద్దాం. అక్కడి ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగానికి కాస్త పైన మాత్రమే ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలును గాలికి తగినట్టు తగ్గించగలదే తప్ప లేని గాలిని తెచ్చి పెట్టలేదు. కనుక ఇరవై నాలుగు హార్స్‌పవరు పన్నెండు, పదమూడుకు పడిపోతే, నలభై హార్స్‌పవరు ఇరవై ఒకటికి పడిపోతుంది. ఒంటరిగా ఎక్కేవాడికి పదమూడు చాలు. నీ బండి లాంటి బండ్లు వేల సంఖ్యలో ఆ కనుమ ఎక్కి దిగాయి. పెట్రోలు గురించి కూడా దిగులు పడవలసిన పని లేదు. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందన్న బోర్డు పేరుపొందింది. నీ పదిహేను లీటర్ల ట్యాంకు లీటరుకు ముప్పై చొప్పున ఆ దూరాన్ని దాటిస్తుంది. అయిదు లీటర్ల డబ్బా ఒకటి కట్టుకుంటే మనసు కూడా నిబ్బరంగా ఉంటుంది.

నీకు తెలియని నా కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. యాభై నాలుగో ఏట, నా దగ్గరున్న తేలికపాటి బండిని అమ్మేసి, ఆరు వందల సీసీ పైబడిన పెద్ద బండి కొన్నాను. బరువు 230 కిలోలు. కొన్న నాలుగో నెలలో పాడేరు నుంచి వంజంగి కొండకు తెల్లవారుజామున ఒక్కణ్నే బయలుదేరాను. రాళ్లు తేలిన ఎత్తు మీద ఆగవలసి వచ్చి కాలు కింద పెట్టబోతే, పల్లం వైపున్న కాలికి నేల అరచెయ్యి దూరంలో అందలేదు. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా పక్కకు ఒరిగిపోయింది. నాకు దెబ్బ తగలలేదు. కానీ దాన్ని లేపలేక, కాఫీ తోటల్లో పనికి వెళ్లే ముగ్గురు వచ్చేదాకా నలభై నిమిషాలు ఆ రాయి మీదే కూర్చున్నాను. ఆ తర్వాత తారు లేని ఏ దారి కనపడినా నా చేతులు వాటంతట అవే వెనక్కి తిప్పేవి. సాహస యాత్రల కోసం కొన్న బండి, అంతకుముందు చిన్న బండి మీద నిర్భయంగా వెళ్లిన దారులకు కూడా నన్ను దూరం చేసింది. పద్నాలుగు నెలల్లో ఆరు వేల కిలోమీటర్లు తిప్పి, ఎనభై వేలు నష్టానికి అమ్మేశాను. ఇంట్లో మీ అత్తయ్యకు చెప్పిన నష్టం నలభై వేలే.

నువ్వు అనుకుంటున్న బండ్లు అంత బరువైనవి కావు, కానీ ఎత్తు చూసుకో. నీ పాత బండి సీటు 800 మిల్లీమీటర్లు, 450ది 825. దానికి తక్కువ ఎత్తు సీటు తీసుకుంటే 805కి దిగుతుంది. నీ ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. షోరూంలో నున్నటి టైల్సు మీద, బూట్లు వేసుకొని కూర్చుంటే పాదాలు ఆనినట్టే అనిపిస్తాయి. కొలవవలసింది అక్కడ కాదు. వెనక మనిషీ సామానూ ఉండగా, నేల ఒక పక్కకు వాలి ఉన్నచోట, ఒక్క కాలి మీద ఆపగలవా అన్నది చూడాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటిన వాటి మీద సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది 40 అయింది. నీ మనసు పోయిన రెండూ పన్ను పెరిగిన వైపువే. షోరూం ధరే మూడు లక్షలు దాటుతోంది. దాని మీద జీవిత పన్ను, అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. ఆపైన క్రాష్ గార్డు, శాడిల్ బ్యాగుల స్టాండు, టాప్ బాక్సు అంటూ ఇంకో నలభై వేలు తెలియకుండానే అవుతాయి. రెండు లక్షలు అప్పు తీసుకుంటే పదకొండు శాతం చొప్పున మూడేళ్లపాటు నెలకు 6,550 రూపాయలు కట్టాలి, వడ్డీయే ముప్పై అయిదు వేలు దాటుతుంది. ఆ వడ్డీతో లేహ్ దాకా వెళ్లి రావచ్చు.

పాత బండికి ఏమేం కావాలో నువ్వు రాసినదాన్ని బట్టి ఊహించగలను. చైను స్ప్రాకెట్ సెట్టు మార్చాలి, ముందు ఫోర్కు ఆయిలు సీళ్లు వేయాలి, కోన్ సెట్ (హ్యాండిలు తిరిగేచోట ఉండే బేరింగులు) చూపించాలి, క్లచ్చి ప్లేట్లు అరిగి ఉంటాయి, రెండు టైర్లూ చివరికి వచ్చి ఉంటాయి, వాల్వు క్లియరెన్సు ఒకసారి సరిచేయించాలి. మంచి షెడ్డులో ఇవన్నీ కలిపినా నలభై వేలకు మించవు. ‘బండి ముసలిదైపోయింది’ అని మనం అనుకునేవాటిలో చాలా భాగం అరిగిన కోన్ సెట్, సారం పోయిన ఫోర్కు ఆయిలు తప్ప మరేమీ కాదు. ఈ పనులు చేయించకుండా కొత్త బండి ఎక్కి చూసినవాడికి అది స్వర్గంలా ఉండక ఏమవుతుంది? అందుకే ముందు పాతదాన్ని బాగుచేయించు, తర్వాతే రెంటినీ పోల్చు. అమ్మదలచినా ఆ ఖర్చులో కొంత ధరలో వెనక్కి వస్తుంది.

పోల్చడానికి షోరూం వారిచ్చే రెండు కిలోమీటర్ల టెస్టు రైడు చాలదు. హైదరాబాదులో 450 అద్దెకు దొరుకుతుంది, రోజుకు రెండు వేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మూడు రోజులకు తీసుకో. మొదటి రోజు ఆఫీసుకు వెళ్లిరా, అదీ సాయంత్రం ఆరింటికి బయలుదేరి. మిగతా రెండు రోజులూ అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకొని శ్రీశైలం వెళ్లు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంటుంది కాబట్టి దానికి తగ్గట్టు బయలుదేరు. దోమలపెంట దిగుడులో ఇంజను బ్రేకింగు, ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగుడు, మూడు గంటల తర్వాత నీ నడుము, ఆమె మోకాళ్లు ఎలా ఉన్నాయో గమనించి, తిరిగి వచ్చాక ముందు ఆమెనే అడుగు. వెనక కూర్చున్నవాళ్ల అభిప్రాయానికి బండ్ల సమీక్షల్లో చోటు ఉండదు.

లడఖ్‌కు కూడా ఇదే ఉపాయం. లేహ్ దాకా విమానంలో వెళ్లి, అక్కడే 450 అద్దెకు తీసుకొని పది రోజులు తిరగవచ్చు. మనాలిలోనో మరో ఊళ్లోనో అద్దెకు తీసుకుంటే మాత్రం నుబ్రా, పాంగాంగ్ వైపు తిప్పనివ్వరు. లేహ్‌లో రిజిస్టరైన అద్దె బండే కావాలి. నీ సొంత బండే తీసుకువెళ్లాలని ఉంటే రైల్లో పార్సిలు వేయవచ్చు. పెట్రోలు పూర్తిగా తీసేసి, ఆర్‌సీ నకలు పట్టుకొని, గోనెపట్టాతో గట్టిగా కట్టించు.

ఇంత చేశాక కూడా కొత్తదే కావాలనిపిస్తే కొనుక్కో, నేను అడ్డు చెప్పను. అప్పుడు నీకు నా ఓటు 450కే. 2025లో వచ్చిన కొత్త 390 అడ్వెంచర్‌కు 399 సీసీ ఇంజను, దాదాపు 46 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరు లాంటి కొలతే) శక్తి ఉన్నాయి, బరువు కూడా 450 కంటే తక్కువ. ఒంటరిగా, చురుకుగా నడిపేవాడికి అదే మేలు. కానీ నీ అసలు అవసరం వెనక మనిషీ సామానూ కాబట్టి, ఆ బరువుతో నింపాదిగా పోయే బండి నీకు తగినది. ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలున్న రకమే తీసుకో. నల్లమలలో ట్యూబు పంక్చరైతే టైరు లీవర్లతో పడే అవస్థ నీకు తెలుసు. స్క్రీను, మ్యాపులు, రైడింగు మోడ్ల గురించి అడిగావు గాని, వాటి కోసం ఎవరూ బండి మార్చకూడదు. హీరో కంపెనీ 210 సీసీ ఎక్స్‌పల్స్ తక్కువ పన్నుతో, ముప్పై కిలోల తేలికతో ఊరిస్తుంది, కానీ దాని శక్తి నీ పాత బండిదే. నీ ఇబ్బందికి అది మందు కాదు.

ఎక్స్ఛేంజిలో లక్షా పదిహేను వేలు ఇస్తామన్నారన్నావు. ఒప్పుకోకు. సర్వీసు రికార్డు చూపి నేరుగా అమ్మితే కనీసం పదిహేను వేలు ఎక్కువ వస్తుంది. పాత అప్పు తీరిపోయి ఉంటే ముందుగా బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకొని ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించు. యాజమాన్యం బదిలీకి కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు పూర్తిచేయించుకొని, బదిలీ అయినట్టు ఆన్‌లైన్‌లో కనపడేదాకా ఆ నకళ్లు దాచు. తాళాలు రెండూ ఒకేసారి ఇచ్చెయ్యి, ట్యాంకు బ్యాగు మాత్రం ఉంచుకో. అది 450కి కూడా సరిపోతుంది.

షెడ్డు బిల్లు వచ్చాక నాకు పంపు, చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య