ఆసుపత్రి పెట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవూ అల్లుడూ కలిసి మన్యంలో పది పడకల ఆసుపత్రి పెట్టదలచారని, భవనం ప్లాను కూడా సిద్ధమైందని రాసిన ఉత్తరం అందింది. ఆ ప్లానును కొన్నాళ్ళు పక్కన పెట్టమని చెప్పడానికే ఈ జాబు రాస్తున్నాను. నేను పనిచేసిన ఒకచోట ముందుగా ఆపరేషన్ థియేటర్ కట్టారు. మత్తు డాక్టరు దొరకక అది నాలుగేళ్ళు తాళంతోనే ఉండిపోగా, చివరికి అందులో సెలైన్ పెట్టెలు దాచుకున్నాము.

మహారాష్ట్రలో నాటి అహ్మద్‌నగర్ జిల్లాలోని జామ్‌ఖేడ్ ఆసుపత్రి చరిత్రను శ్రద్ధగా చదువు. వెల్లూరులో వైద్యం చదివిన రజనీకాంత్, మేబెల్ ఆరోలే దంపతులు 1970లో ఆ కరువు సీమకు వెళ్ళినప్పుడు వారికి దొరికింది వాడకంలో లేని పశువైద్యశాల. జనం ముందుగా అడిగింది మందులు కాదు, తిండీ తాగునీరూ. బోర్లు వేయించే వీలు కలిగినప్పుడు వాటిని దళితవాడల్లో పడేటట్లు చూశారు. దానితో అంటరానితనం పాటించే ఇళ్ళవారు కూడా నీళ్ళకు అక్కడికే రావలసి వచ్చింది. ఇటువంటి యుక్తి ఏ వైద్య కళాశాలా నేర్పదు.

నీవు మరీ ముఖ్యంగా గమనించవలసినది వారి ఆరోగ్య కార్యకర్తల సంగతి. మొదట శిక్షణ పొందిన నర్సులను పల్లెలకు పంపారు కానీ, ఊరివారితో వారికి పొత్తు కుదరలేదు. అప్పుడు ఆయా ఊళ్ళ ఆడవాళ్ళనే, చాలావరకు చదువు రానివారినే ఎంచుకొని, వారానికోసారి జామ్‌ఖేడ్‌కు రప్పించి, గర్భిణిని పరీక్షించడం, కాన్పు చేయడం, విరేచనాలైన బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పట్టడం, కుష్ఠు మచ్చను గుర్తుపట్టడం నేర్పారు. 1971లో అక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డలలో 176 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 1993 నాటికి ఆ సంఖ్య 30కి లోపే. ఈ మార్పులో పడకల వాటా కంటే ఆ ఆడవాళ్ళ వాటాయే పెద్దదని నా నమ్మకం. ఆసుపత్రికి మిగిలినవి కష్టమైన కాన్పులూ శస్త్రచికిత్సలూ. కుష్ఠు రోగులను విడిగా పెట్టలేదు, కృత్రిమ కాళ్ళు సైతం స్థానికులే తయారు చేశారు.

కాబట్టి మీరు ముందుగా ఇంటింటికీ తిరిగి, గడచిన ఏడాది ఎన్ని కాన్పులైనవో, ఎందరు బిడ్డలు పోయారో, ఎవరు మంత్రసానిగా వచ్చారో రాసుకోండి. కార్యకర్తగా సర్పంచ్ మరదలిని పెట్టమంటారు. మొహమాట పడవద్దు, అర్ధరాత్రి ఎవరి తలుపు తడితే పలుకుతుందో ఆమెనే ఎంచుకోండి. రక్తహీనత, మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) పరీక్షలు మొదటి నుంచీ ఉండాలి. పాముకాటు మందును చల్లగా ఉంచాలి గనుక ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ తప్పనిసరి. మందులు పూర్తిగా ఉచితం చేయకుండా, నామమాత్రమైనా రుసుము తీసుకొని, లెక్కను ఊరి ముందు చదవండి. లేనివారి వద్ద అదీ అడగకండి.

స్థలం కొనే ముందు, వాగులు పొంగే శ్రావణంలో ఒకసారి వెళ్ళి, దూరపు గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకు రావడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. గదులెన్నో ఆ తరువాత లెక్క వేద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న